పాత ఎలక్ట్రిక్ కారు: చూసి కాదు, కొలిచి కొనండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కార్ల గురించే. పెట్రోలు బండి అయితే ఇంజన్ చప్పుడు విని, సైలెన్సర్ పొగ చూసి ఒక అంచనాకు రావచ్చు. ఇక్కడ ఆ రెండూ లేవు. బండి విలువలో పెద్ద భాగం సీట్ల కింద మూసి ఉన్న పెట్టెలో ఉంటుంది, పైకి ఏమీ కనిపించదు. అందుకే ఈ జవాబుల్లో లెక్కలు కాస్త ఎక్కువే ఉంటాయి. 'యూనిట్' అన్నచోట కరెంటు మీటరులో తిరిగే యూనిట్ అనే అనుకోండి, అంటే ఒక కిలోవాట్ అవర్.

ప్రశ్న: ఐదేళ్ల కారు ఒకటి చూశాను. 38,000 కి.మీ. తిరిగింది. ఫుల్ చార్జింగ్ పెడితే డ్యాష్‌బోర్డు మీద 310 కి.మీ. చూపిస్తోంది. బ్యాటరీ బాగున్నట్టేనా?

జవాబు: ఆ 310ని పక్కన పెట్టేయండి. అది బ్యాటరీని కొలిచి చెప్పే అంకె కాదు. ఈ మధ్య బండి ఎలా నడిచిందో చూసి వేసే అంచనా. రెండు రోజులు ఏసీ ఆపేసి నిదానంగా ఊళ్లోనే తిప్పితే అంకె పెరుగుతుంది, హైవే మీద 110 వేగంతో వెళ్లొస్తే అదే బండి బాగా తగ్గించి చూపిస్తుంది. అమ్మేవారికి మోసం చేసే ఉద్దేశం లేకపోయినా ఆ అంకెను నమ్మితే మీరు దెబ్బతింటారు.

మీకు తెలియాల్సింది ఈ బ్యాటరీలో ఇప్పుడు ఎన్ని యూనిట్లు పడుతున్నాయి, కొత్తలో ఎన్ని పట్టేవి అన్నదే. దీన్ని ఏ పరికరమూ లేకుండా మీరే తేల్చుకోవచ్చు. పది నిమిషాల టెస్ట్ డ్రైవ్ దీనికి చాలదు, రెండు మూడు గంటలు బండి ఇమ్మని అడగండి. 90 శాతం చార్జింగ్ ఉండగా ట్రిప్ మీటరును సున్నా చేసి బయలుదేరండి. మీరు రోజూ నడిపేలాగే నడపండి, ఏసీ వేసుకోండి. 40 శాతానికి వచ్చాక ఆపి రెండు అంకెలు రాసుకోండి: ఎంత దూరం వచ్చారు, 100 కి.మీ.కు సగటున ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయి. 120 కి.మీ. వచ్చారు, సగటు 15 యూనిట్లు అనుకుందాం. ఖర్చయింది 18 యూనిట్లు. వాడింది బ్యాటరీలో సగం కాబట్టి మొత్తం 36. ఆ మోడల్‌కు కొత్తలో వాడుకోదగ్గ సామర్థ్యం 40 యూనిట్లయితే ఇంకా 90 శాతం మిగిలి ఉందన్నమాట. ఐదేళ్ల బండికి ఇది మంచి అంకె.

ఈ లెక్కలో జనం రెండు చోట్ల పొరబడతారు. ఒకటి, పది శాతమే వాడి లెక్క వేసేయడం. తెర మీద శాతం పూర్ణాంకంగానే కనిపిస్తుంది కాబట్టి ఒక శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. వాడింది పది శాతమే అయితే ఆ తేడా లెక్కలో పదో వంతు పొరపాటు తెస్తుంది. యాభై శాతం వాడితే యాభయ్యో వంతుతో పోతుంది. రెండోది, ప్రకటనల్లో రాసే మొత్తం సామర్థ్యంతో పోల్చడం. కంపెనీలు పైన, కింద కొంత భాగం వాడకుండా వదిలేస్తాయి. పోల్చాల్సింది వాడుకోదగ్గ సామర్థ్యంతో. లేకపోతే బాగున్న బ్యాటరీ కూడా అరిగిపోయినట్టు కనిపిస్తుంది.

సరిచూసుకోవాలంటే తిరుగు దారిలో చార్జింగ్ పెట్టేటప్పుడు ఇంకో లెక్క వేయండి. 20 నుంచి 80 శాతం దాకా ఏసీ చార్జర్ (ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటును ఇచ్చే మామూలు చార్జర్) మీద పెట్టి, చార్జర్ మీటరు ఎన్ని యూనిట్లు ఇచ్చిందో చూడండి. గోడ నుంచి బ్యాటరీకి చేరేలోపు సాధారణంగా 10 నుంచి 15 శాతం వేడిగా పోతుంది. మీటరు 24.5 చూపితే, 12 శాతం తీసేయగా బ్యాటరీకి చేరింది దాదాపు 21.6. దాన్ని 0.6తో భాగిస్తే 36. రెండు లెక్కలూ మూడు నాలుగు శాతం తేడాలో కలిస్తే నమ్మొచ్చు. బాగా చలిగా ఉన్న ఉదయం మాత్రం ఈ పరీక్ష పెట్టుకోవద్దు. చల్లబడిన సెల్ తనలో ఉన్నదంతా ఇవ్వదు.

ప్రశ్న: ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే చిన్న పరికరం) పెట్టి యాప్‌లో చూస్తే 'ఎస్‌ఓహెచ్ 94 శాతం' అని వచ్చింది. ఇక వేరే పరీక్షలు అవసరం లేదు కదా?

జవాబు: అవసరమే. ఎస్‌ఓహెచ్ అంటే స్టేట్ ఆఫ్ హెల్త్, బ్యాటరీ ఆరోగ్యానికి బ్యాటరీ మేనేజ్‌మెంట్ కంప్యూటర్ తనకు తాను వేసుకున్న మార్కు. ఆ కంప్యూటర్ జ్ఞాపకాన్ని చెరిపేస్తే మార్కు మళ్లీ పైకి వెళ్లిపోతుంది. నిస్సాన్ లీఫ్‌లో ఇది బాగా తెలిసిన సంగతి. ఆ కారులో సామర్థ్యాన్ని 12 గీతలుగా చూపిస్తారు. మొదటి గీత పోవాలంటే 15 శాతం తగ్గాలి, ఆ తర్వాత ఒక్కో గీతకు 6.25 శాతం. అరిగిన బ్యాటరీకి రీసెట్ కొట్టి 12 గీతలూ చూపించి అమ్మిన సందర్భాలున్నాయి. కొన్ని వారాలు నడిచాక గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. అందుకే ఏడెనిమిదేళ్ల లీఫ్‌లో 12 గీతలూ నిండుగా కనిపిస్తే సంతోషపడకుండా అనుమానించండి. పైన చెప్పిన డ్రైవింగ్ లెక్కను రీసెట్ అంత తేలిగ్గా ఏమార్చలేదు.

డాంగిల్ అసలు ఉపయోగం వేరే చోట ఉంది. సెల్ వోల్టేజీల పేజీ తెరవండి. 400 వోల్టుల తరగతి బ్యాటరీ ప్యాక్‌లో చాలా కార్లకు 96 సెల్ గ్రూపులు వరసగా కలిపి ఉంటాయి. అందులో ఒక్క గ్రూపు ఖాళీ అయితే మిగతా 95లో చార్జి ఉన్నా బండి ఆగాల్సిందే. కాబట్టి సగటు వోల్టేజీ కంటే, అన్నిటికన్నా ఎక్కువ ఉన్న గ్రూపుకు, అన్నిటికన్నా తక్కువ ఉన్న గ్రూపుకు మధ్య తేడా ముఖ్యం. బండి అరగంట నిలిపి ఉంచాక, సగం చార్జి దగ్గర ఆ తేడా 10, 20 మిల్లీవోల్టులు ఉంటే చక్కగా ఉన్నట్టు. తర్వాత 15, 20 శాతం చార్జి దగ్గర మళ్లీ చూడండి, ఒకసారి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కి కూడా చూడండి. బలహీనమైన సెల్ బయటపడేది అక్కడే. ప్రతిసారీ ఒకే నంబరు గ్రూపు అడుగున ఉంటూ, మిగతావాటి కంటే 100 మిల్లీవోల్టులకు పైగా జారుతుంటే ఆ మాడ్యూల్ (కొన్ని సెల్స్ కలిపిన కట్ట) దెబ్బతింటోందని అర్థం. ఎస్‌ఓహెచ్ ఎంత బాగున్నా ఆ బండిని వదిలేయమనే మా సలహా.

ప్రశ్న: ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ ఉన్నది కొనాలా, ఎన్‌ఎంసీ ఉన్నదా?

జవాబు: ఇవి లిథియం బ్యాటరీల్లో రెండు రకాలు: ఎల్‌ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఎన్‌ఎంసీ అంటే నికెల్ మాంగనీస్ కోబాల్ట్. పాత బండి విషయంలో మా మొగ్గు ఎల్‌ఎఫ్‌పీ వైపే. ఎక్కువసార్లు చార్జింగ్ పెట్టినా తట్టుకుంటుంది, 100 శాతం దాకా పెట్టడాన్ని ఎన్‌ఎంసీ కంటే బాగా ఓర్చుకుంటుంది, వేడెక్కితే అంత తేలిగ్గా అంటుకోదు. దాని లోపాలు రెండు. అదే బరువుకు తక్కువ దూరం ఇస్తుంది. చలిలో చార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది.

పరీక్షించేటప్పుడు మాత్రం దీనికి ఒక చిక్కుంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజీ 20 నుంచి 90 శాతం దాకా దాదాపు 3.2, 3.3 వోల్టుల దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. వోల్టేజీ చూసి ఎంత చార్జి ఉందో చెప్పడం కంప్యూటర్‌కు సాధ్యం కాదు. వచ్చిన కరెంటు, పోయిన కరెంటు లెక్కపెట్టుకుంటూ నెట్టుకొస్తుంది. ఆ లెక్క రోజులు గడిచేకొద్దీ తప్పుతుంది, ఫుల్ చార్జి అయినప్పుడు మళ్లీ సర్దుకుంటుంది. వారానికోసారి 100 శాతం పెట్టమని చెప్పేది అందుకే. పాత యజమాని నెలల తరబడి 80 దగ్గరే ఆపేసి ఉంటే తెరమీద 14 శాతం ఉన్నది ఉన్నట్టుండి 3కు పడిపోవచ్చు. ఇది బ్యాటరీ జబ్బు కాదు, లెక్క తప్పడమే. కొలిచే ముందు రోజు 100 శాతం పెట్టించి, నిండాక ఇంకో రెండు గంటలు ప్లగ్ తీయకుండా ఉంచమనండి. సెల్స్ అన్నీ సమానం కావడానికి ఆ సమయం కావాలి. సెల్ వోల్టేజీల తేడా కూడా ఎల్‌ఎఫ్‌పీలో మధ్యలో చూస్తే ఏమీ తెలియదు, అడుగున, పైన మాత్రమే కనిపిస్తుంది.

ప్రశ్న: ఆరేళ్లలో 15,000 కి.మీ. మాత్రమే తిరిగి షెడ్డులో ఉన్న కారు ఒకటి, మూడేళ్లలో 1,30,000 తిరిగిన ట్యాక్సీ ఒకటి దొరుకుతున్నాయి. తక్కువ తిరిగినదే మేలు కదా?

జవాబు: పెట్రోలు బండికైతే అదే చెప్పేవాళ్లం. లిథియం బ్యాటరీ రెండు రకాలుగా ముసలిదవుతుంది: వాడితే ఒక రకం, ఊరికే ఉంటే ఒక రకం. నిండా చార్జింగ్ పెట్టి ఎండలో, వేడి షెడ్డులో వదిలేసిన సెల్ కదలకుండానే అరిగిపోతుంది. నిండిన సెల్‌లో వోల్టేజీ ఎక్కువ, పైగా వేడి, ఈ రెండూ కలిస్తే లోపలి ద్రవం ఎలక్ట్రోడ్ మీద పొరగా పేరుకుపోయే రసాయన చర్య వేగం అందుకుంటుంది. సగం చార్జి దగ్గర నీడలో ఉంచితే అదే సెల్ చాలా నిదానంగా తగ్గుతుంది. ఇంకో ప్రమాదం పూర్తిగా ఖాళీ అయిన బండిని నెలల తరబడి అలాగే వదిలేయడం. సెల్ వోల్టేజీ మరీ పడిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత చార్జింగ్ ఎక్కినా ఆ సెల్‌ను నమ్మలేం.

కాబట్టి షెడ్డు కారు యజమానిని అడగాల్సింది ఎంత తిరిగిందని కాదు, ఎంత చార్జితో ఎక్కడ పెట్టారని. 'వారానికోసారి ఫుల్ పెట్టి ఉంచుతామండీ' అన్న సమాధానం మంచి అలవాటులా వినిపిస్తుంది కానీ ఎన్‌ఎంసీ బ్యాటరీకి అది చేటు.

ట్యాక్సీ లెక్క చూద్దాం. ఫుల్ చార్జికి 250 కి.మీ. వచ్చే బండి 1,30,000 తిరిగిందంటే నిండు చార్జింగులు 520. ఇప్పటి సెల్స్‌కు అది భయపడాల్సిన అంకె కాదు. కొలతలో 88, 90 వస్తే బ్యాటరీ వరకు సరే. కానీ బ్యాటరీ వారంటీ చాలా కంపెనీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ., ఏది ముందైతే అది. మిగిలింది 30,000 కి.మీ. మాత్రమే. ట్యాక్సీ వాడకానికి వారంటీ షరతులు వేరుగా ఉండొచ్చు, అదీ చదవాలి. సస్పెన్షన్ బుష్‌లు, వీల్ బేరింగులు, సీట్లు మార్చే ఖర్చు కలుపుకోండి. రెండింటినీ కొలవకుండా ఏది మేలో చెప్పడం ఎవరివల్లా కాదు.

ప్రశ్న: ఎక్కువగా ఫాస్ట్ చార్జింగ్ పెట్టిన బండి తీసుకోకూడదంటారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. హాని చేసేది వేగం కంటే ఆ వేగంలో సెల్ ఉన్న ఉష్ణోగ్రత. ద్రవంతో చల్లబరిచే ప్యాక్ ఉంటే కంప్యూటర్ వేడిని అదుపులో ఉంచుతుంది, ప్యాక్ చల్లగా ఉంటే కరెంటును తనే తగ్గిస్తుంది. అలాంటి బండిలో ఫాస్ట్ చార్జింగ్ చరిత్ర ఒక్కటే కారణంగా వెనక్కి తగ్గనక్కర్లేదు. లీఫ్‌లాగా ద్రవ శీతలీకరణ లేని ప్యాక్ అయితే మాత్రం, వేడి ప్రాంతంలో తిరిగిన బండిని రెండింతలు జాగ్రత్తగా కొలవండి.

ప్రశ్న: చార్జింగ్ పెట్టి చూశాను, ఎక్కుతోంది. ఇంకేం చూడాలి?

జవాబు: ఏ చార్జింగ్ పెట్టారు? ఏసీ (ఇంట్లో, మామూలు పాయింట్ల దగ్గర పెట్టేది), డీసీ (ఫాస్ట్ చార్జింగ్) రెండూ వేర్వేరు దారులు. రెండూ పెట్టి చూడకుండా బండి తీసుకోవద్దు. ఏసీ పెట్టినప్పుడు కరెంటు బండిలోనే ఉండే ఆన్‌బోర్డ్ చార్జర్ గుండా వెళ్తుంది. డీసీలో ఆ చార్జర్‌ను దాటేసి నేరుగా బ్యాటరీకి వెళ్తుంది. ఇంట్లో చార్జింగ్ సరిగ్గా ఎక్కుతుంటే డీసీ కాంటాక్టర్ (కరెంటును కలిపే, విడదీసే పెద్ద స్విచ్) పాడైన సంగతి పాత యజమానికే తెలియకపోవచ్చు. తెలిసి ఆ మాట ఎత్తనివారూ ఉంటారు.

మొదట టార్చి వేసి సాకెట్ లోపల చూడండి. ఏసీ చార్జింగ్‌కు వాడే టైప్ 2 సాకెట్‌లో ఏడు గుంతలుంటాయి. ఐదు పెద్దవి కరెంటువి, ఎర్తువి. పైన ఉన్న రెండు చిన్నవి బండి, చార్జర్ మాట్లాడుకునేవి. సింగిల్ ఫేజ్ బండిలో కొన్ని గుంతలు ఖాళీగా ఉంటాయి, అది లోపం కాదు. పిన్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, అంచు కరిగి గుండ్రదనం పోయినా, ఒక పిన్ మిగతావాటి కంటే లోపలికి దిగిపోయినా అక్కడ వదులు కనెక్షన్ వల్ల వేడి పుట్టిందని గుర్తు. మూత రబ్బరు చిరిగితే వాన నీళ్లు చేరి పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు పడుతుంది.

గన్ పెట్టగానే లాక్ పడిన చప్పుడు వినిపించాలి. చార్జింగ్ మొదలయ్యాక ఎన్ని కిలోవాట్లు ఎక్కుతోందో చూడండి. 11 కిలోవాట్ల త్రీఫేజ్ చార్జర్ ఉన్న బండి, త్రీఫేజ్ పాయింట్ మీద 3.6 దగ్గరే ఆగిపోతే మూడు ఫేజుల్లో ఒక్కటే పనిచేస్తోందన్నమాట. చాలామంది దీన్ని 'ఇక్కడ కరెంటు తక్కువండీ' అని కొట్టిపారేస్తారు. ఇంకో పాయింట్ దగ్గర పెట్టి చూస్తే తేలిపోతుంది. ఆన్‌బోర్డ్ చార్జర్ మార్చడం ఖరీదైన పని.

డీసీకి బండిని 20, 30 శాతం చార్జితో తీసుకెళ్లండి. అప్పటికి అరగంటైనా నడిచి ఉండాలి, బ్యాటరీ చల్లగా ఉంటే ఏ బండైనా మెల్లగానే ఎక్కుతుంది. గన్ పెట్టాక కొన్ని సెకన్లు ఏమీ జరగదు, చార్జర్ ఇన్సులేషన్ పరీక్షిస్తుంటుంది. తర్వాత బండి అడుగు నుంచి కాంటాక్టర్లు 'టక్' మని పడతాయి, వేగం పెరుగుతుంది. పది నిమిషాలు కదలకుండా చూడండి. మొదట 50 చూపి రెండు నిమిషాలకే 20కి పడిపోయి అక్కడే నిలిస్తే శీతలీకరణ పనిచేయకపోవచ్చు, లేదా ఒక సెల్ ముందే నిండిపోతుండొచ్చు. 80 శాతం దాటాక తగ్గడం మాత్రం సహజమే.

ఒక మాట: సాకెట్ రకం మీరు తిరిగే దారిలోని చార్జర్లకు సరిపోవాలి. పాత లీఫ్‌కు పట్టే చాడెమో (ఒక రకం డీసీ చార్జింగ్) గన్లు కొత్త చార్జింగ్ స్టేషన్లలో అరుదైపోతున్నాయి.

ప్రశ్న: బండి నీళ్లలో మునిగిందో, యాక్సిడెంట్ అయిందో ఎలా తెలుస్తుంది?

జవాబు: లిఫ్ట్ మీద ఎక్కించకుండా ఎలక్ట్రిక్ కారు కొనొద్దు. బ్యాటరీ అడుగు పళ్లెం పొడవునా చెయ్యి పెట్టి తడమండి. పైపైన గీతలు పర్వాలేదు. లోపలికి నొక్కుకుపోయిన గుంత ఉంటే, అంచు వంగితే, సీలెంట్ కొత్తగా పూసినట్టుంటే, బోల్టుల మీద స్పానర్ గుర్తులుంటే ఆ ప్యాక్‌ను ఎందుకు దించారో రికార్డుతో సహా అడగండి. ఆరెంజ్ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి. చూడండి కానీ ముట్టుకోవద్దు. వాటి మీద మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టి కనిపిస్తే అక్కడితో బేరం ఆపేయండి.

మునిగిన బండికి సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు, సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే మట్టి చార సాక్ష్యం చెబుతాయి. ఉప్పు నీళ్లయితే మరీ ప్రమాదం. నీళ్లు ఆరినా ఉప్పు కరెంటును మోసే దారిగా మిగిలిపోతుంది. 2022లో ఇయాన్ తుపాను ఫ్లోరిడాను ముంచెత్తాక, ఉప్పు నీట మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని వరద తగ్గిపోయిన తర్వాత అంటుకున్నాయి. అలాంటి బండి ఎంత చవగ్గా వచ్చినా ఇంటి ముందు నిలపకండి.

ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (హై వోల్టేజీ కరెంటు బండి బాడీకి పాకకుండా ఎంతగా అడ్డుకుంటోందో చెప్పే కొలత) అంకె సర్వీస్ సెంటర్ స్కానర్‌లో, కొన్ని యాప్‌లలో కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 100 ప్రకారం డీసీ సర్క్యూట్‌కు వోల్టుకు కనీసం 100 ఓంలు ఉండాలి, అంటే 400 వోల్టుల ప్యాక్‌కు 40,000. అది ప్రాణానికి రక్షణగా పెట్టిన కనీస హద్దు. ఆరోగ్యంగా ఉన్న బండి దానికి ఎన్నో రెట్లు పైనే ఉంటుంది. పాత ఎర్రర్ కోడ్‌లలో ఇన్సులేషన్ కోడ్ ఉంటే, వానలో మాత్రమే వస్తోందన్నా, తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రశ్న: రేటు కుదిరిన కారు ఒక ఉదయం అసలు లేవలేదు. పెద్ద బ్యాటరీలో 70 శాతం చార్జి ఉందట. వదిలేయాలా?

జవాబు: ముందు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూడండి. పెద్ద ప్యాక్‌ను బండికి కలిపే కాంటాక్టర్లను పనిచేయించేది ఆ చిన్నదే. అది పడుకుంటే బండి మొత్తం పడుకుంటుంది. పెట్రోలు కారులో స్టార్టర్ మూలిగి ముందే హెచ్చరిస్తుంది, ఇందులో ఆ మూలుగు ఉండదు. మల్టీమీటర్ పెట్టండి. రాత్రంతా ఆగిన బండిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి, 12.2 కంటే తక్కువైతే నీరసించింది. బండి ఆన్ చేశాక 13.5 నుంచి 14.5 మధ్యకు ఎగబాకాలి. ఎగబాకితే ఆ చిన్న బ్యాటరీ మారిస్తే సరిపోతుంది. కదలకపోతే దాన్ని నింపే డీసీ-డీసీ కన్వర్టర్‌లో లోపం, అది పెద్ద పనే. హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 కార్లను 2024లో ఈ భాగం కోసమే రీకాల్ చేశారు. ఆ మోడళ్లు చూస్తుంటే రీకాల్ పని పూర్తయిన కాగితం అడగండి.

ప్రశ్న: ఇంజన్ లేదు కాబట్టి మెకానికల్‌గా చూడాల్సింది పెద్దగా ఉండదు కదా?

జవాబు: ఇంజన్ లేకపోవడం వల్లే పాడయ్యేవి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది బ్రేకులు. బండి వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసేస్తుంది కాబట్టి డిస్కులు వాడక తుప్పు పడతాయి. బయటి ముఖం మెరుస్తున్నా లోపలి ముఖం గుంతలు పడి ఉండొచ్చు, చక్రం సందులోంచి అద్దం పెట్టి చూడండి. రీజెన్‌ను (మోటారుతోనే వేగం తగ్గించే పద్ధతిని) బాగా తగ్గించి, ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకు వేయండి. గరగర, పెడల్ వణుకు, ఒక పక్కకు లాగడం ఉంటే డిస్కులు దెబ్బతిని ఉండొచ్చు, లేదా కాలిపర్ పిన్నులు బిగుసుకుని ఉండొచ్చు.

టైర్లు బరువు వల్ల, మొదటి క్షణం నుంచే వచ్చే టార్క్ వల్ల త్వరగా అరుగుతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి అంచు చూడండి. పక్కన అచ్చేసిన నాలుగంకెలు తయారీ తేదీ: 2321 అంటే 2021లో 23వ వారం. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. చవకగా వచ్చాయని మామూలు కార్ల టైర్లు వేసేస్తుంటారు.

ఏసీ దగ్గర అందరూ చల్లదనం ఒక్కటే చూస్తారు. ఈ కార్లలో ఏసీ కంప్రెసర్ హై వోల్టేజీతో నడుస్తుంది, చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచేదీ అదే. దానిలో కరెంటును పారనివ్వని పీఓఈ నూనె పోయాలి. తెలియని మెకానిక్ పెట్రోలు కార్లకు వాడే పీఏజీ నూనెను గ్యాస్‌తో పాటు ఎక్కిస్తే ఇన్సులేషన్ పడిపోయి బండి స్టార్ట్ కావడమే మానేయొచ్చు. ఏసీ గ్యాస్ ఎక్కడ నింపించారన్న చిన్న ప్రశ్న అందుకే అడగమంటున్నాం. కూలెంట్ కూడా అంతే. కొన్ని మోడళ్లకు కరెంటును తక్కువగా పారనిచ్చే ప్రత్యేక కూలెంట్ కావాలి, ఏది దొరికితే అది కలపకూడదు.

అద్దాలు ఎత్తి 30, 40 వేగంలో రేడియో ఆపి వినండి. వేగంతో పాటు పెరిగే సన్నని కూత కొంత సహజం. గరగరమనే చప్పుడు మోటారు, గేర్‌బాక్స్ బేరింగులది, లేదా చక్రానిది.

ప్రశ్న: వారంటీ మిగిలి ఉందంటున్నారు. ఏ కాగితాలు చూడాలి?

జవాబు: బ్యాటరీ వారంటీ పత్రంలో నాలుగు విషయాలు వెతకండి. కొత్త యజమానికి మారుతుందా, ఎంత శాతం కంటే తగ్గితే వర్తిస్తుంది (చాలావాటికి 70), ఆ శాతాన్ని ఎవరు కొలవాలి, సర్వీస్ మానేస్తే రద్దవుతుందా. 71 శాతం దగ్గర ఆగిపోయిన బ్యాటరీకి కంపెనీ ఏమీ ఇవ్వదు, అది గుర్తుపెట్టుకుని బేరం ఆడండి.

ఛాసిస్ నంబరుతో రీకాల్ చరిత్ర చూడండి. రీకాల్ అనగానే బెదరొద్దు. షెవర్లే బోల్ట్‌ను తీసుకోండి. సెల్‌లో ఆనోడ్ ట్యాబ్ చిరిగి, సెపరేటర్ (రెండు ఎలక్ట్రోడ్లను విడిగా ఉంచే పొర) మడతపడి రెండు లోపాలూ ఒకే సెల్‌లో కలిసినప్పుడు మంటలు రావడంతో 2021లో ఆ మోడల్ బండ్లన్నిటినీ రీకాల్ చేశారు. బ్యాటరీ మార్పించుకున్న బండిలో ప్యాక్ బండి కంటే కొత్తది. అలాంటి పాత కారు దొరికితే అదృష్టమే. మార్పించని బండి మాత్రం వద్దు.

కొన్ని చోట్ల రెనో జోయిలాంటి కార్లను బ్యాటరీ అద్దె పద్ధతిలో అమ్మారు. బండి మీదవుతుంది, బ్యాటరీ ఫైనాన్స్ సంస్థదే. నెలనెలా అద్దె కట్టాలి. ధర విచిత్రంగా తక్కువుంటే ముందు ఇదే అడగండి.

ప్రశ్న: వారంటీ అయిపోయాక బ్యాటరీ పోతే మొత్తం మార్చాల్సిందేనా?

జవాబు: అన్నిసార్లూ కాదు. చాలా ప్యాక్‌లు మాడ్యూళ్లుగా విడిపోతాయి, చెడిన ఒక్క మాడ్యూల్‌ను మార్చవచ్చు. కొత్త మాడ్యూల్ సామర్థ్యం, వోల్టేజీ మిగతావాటికి దగ్గరగా ఉండాలి, లేకపోతే కొద్ది నెలల్లో మళ్లీ అదే తేడా వస్తుంది. సెల్స్‌ను ప్యాక్‌కే అంటించేసిన మోడళ్లలో ఈ వెసులుబాటు ఉండదు. కొనబోయే మోడల్‌ది ఏ రకమో హై వోల్టేజీ పని చేసే మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: అన్నీ చూసి కొనేశాను. మొదటి వారంలో చేయాల్సినవి ఏమైనా ఉన్నాయా?

జవాబు: బండిని ఇంటికి తెచ్చుకునే ముందే పాత యజమాని తన ఫోన్ యాప్‌లోంచి కారును తీసేశారో లేదో ఆయన ఎదుటే చూసుకోండి. ఆ ఖాతా అలాగే ఉంటే బండి ఎక్కడుందో ఆయనకు కనిపిస్తుంది, కొన్ని మోడళ్లలో తలుపులు కూడా తీయొచ్చు. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేసి మీ పేరుతో నమోదు చేసుకోండి. పాత కార్లలో 2జీ, 3జీ మోడెమ్ ఉంటే, ఆ నెట్‌వర్క్ మూతపడిన చోట యాప్ పనిచేయదు. రెండు తాళాలు, పోర్టబుల్ చార్జర్, టైర్ కిట్ లెక్క చూసుకోండి. చార్జర్ విడిగా కొనాలంటే భారమే.

ఒకసారి 100 శాతం పెట్టి, నిండాక రెండు గంటలు వదిలి, మర్నాడు 20 దాకా నడిపి సామర్థ్యం లెక్క మళ్లీ వేయండి. ఆ అంకె, తేదీ, ఓడోమీటర్ రీడింగ్, ఆ రోజు ఉష్ణోగ్రత ఒక పుస్తకంలో రాయండి. ఆరు నెలలకోసారి అదే వాతావరణంలో, అదే దారిలో మళ్లీ కొలిచి దాని కింద రాయండి. వారంటీ అడగాల్సి వచ్చిన రోజున, బండి అమ్మాల్సి వచ్చిన రోజున ఆ పుస్తకాన్ని కాగితాలతో పాటు బల్ల మీద పెట్టండి.